పాత్రలు పంచేముందు: అధికారం మీద మనస్తత్వ ప్రయోగం చేయాలనుకునేవాళ్ళకు

గదిలో గార్డు పాత్ర ఎవరికిచ్చినా, బాసు పాత్ర ఎవరికిచ్చినా, అందరికన్నా ఎక్కువ అధికారం ఉండేది పరిశోధకుడికే. డబ్బులిచ్చేది తనే, గడియారం చూసేది తనే, ‘ఇక చాలు’ అన్న మాట చెల్లేదీ తన నోటి నుంచే. ఈ రంగంలో జరిగిన పెద్ద పొరపాట్లలో చాలావాటికి మూలం ఈ సంగతిని లెక్కలోకి తీసుకోకపోవడమే. అందుకని కింద చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా పాల్గొనేవాళ్ళను మన నుంచి కాపాడటానికి పెట్టుకున్నవి.

అసలు పాత్రలు వేయించాలా?

మొదటి ప్రశ్న ఇదే. దీన్ని దాటేసి నేరుగా యూనిఫాంల దగ్గరికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. అధికారం ప్రభావం చూడటానికి మనుషుల్ని బాధపెట్టక్కర్లేదు. 1977లో లీ రాస్, తెరెసా అమాబిలే, జూలియా స్టైన్‌మెట్జ్ ప్రచురించిన క్విజ్ ప్రయోగం చూడండి. చీటీ తీసినట్టు ఒకరిని ప్రశ్నలడిగేవారిగా, ఇంకొకరిని జవాబు చెప్పేవారిగా పెట్టారు. అడిగేవారు తమకు తెలిసిన సంగతుల్లోంచే 10 కష్టమైన ప్రశ్నలు తయారు చేసుకున్నారు. జవాబు చెప్పేవాళ్ళు సగటున నాలుగింటికి మాత్రమే సరిగ్గా చెప్పగలిగారు. చివర్లో ‘మీ ఇద్దరిలో లోకజ్ఞానం ఎవరికెక్కువ?’ అని అడిగితే, పాత్ర ఎలా వచ్చిందో కళ్ళారా చూసినవాళ్ళు కూడా అడిగినవారికే ఎక్కువ మార్కులు వేశారు. తన ప్రశ్నలు తనే ఎంచుకునే సౌకర్యాన్ని జనం తెలివిగా లెక్కేసుకున్నారన్నమాట. ఎవరూ ఏడవలేదు, ఎవరినీ మధ్యలో ఇంటికి పంపక్కర్లేకపోయింది. సామాజిక పాత్ర మనిషి అంచనాను ఎలా వంచుతుందో మాత్రం స్పష్టంగా తేలింది.

కాబట్టి మెట్లు మెట్లుగా ఆలోచించండి. అన్నిటికన్నా కింది మెట్టు, ఒక సన్నివేశం చదివించి అభిప్రాయం అడగడం. దాని పైది గతాన్ని గుర్తు చేయించడం: ‘మీకు ఇంకొకరి మీద అధికారం ఉన్న ఒక సందర్భం రాయండి’ అనే పద్ధతిని గాలిన్‌స్కీ, గ్రూన్‌ఫెల్డ్, మేగీ 2003లో వాడారు. ఇందులోనూ ఒక మడత ఉంది. పోలిక కోసం ‘మీ మీద ఇంకొకరికి అధికారం ఉన్న సందర్భం రాయండి’ అని అడిగే బృందంలో కొందరికి చిన్ననాటి హింసో, లైంగిక వేధింపో గుర్తుకు రావచ్చు. ‘చదువు, ఉద్యోగానికి సంబంధించినది, ఇతరులతో పంచుకోవడానికి మీకు ఇబ్బంది లేనిది మాత్రమే’ అన్న వాక్యం సూచనలో తప్పక ఉండాలి. మూడో మెట్టు, గంటలోపు ముగిసే జంట పని: ఒకరు మేనేజరుగా పాయింట్లు పంచుతారు, ఇంకొకరు పని చేస్తారు. నాలుగోది వర్చువల్ రియాలిటీ. మనస్తత్వవేత్త మిల్‌గ్రామ్ ప్రయోగంలో, ఎదుటివ్యక్తి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా వోల్టులు పెంచుతూ కరెంటు షాకు (నిజానికి ఉత్తుత్తిది) ఇవ్వమని పరిశోధకుడు ఆదేశిస్తాడు. 2006లో మెల్ స్లేటర్ బృందం ఆ ఏర్పాటును 34 మందితో ఇలా నడిపింది. ఎదుటివ్యక్తి కంప్యూటర్ బొమ్మ అని తెలిసినా పాల్గొన్నవాళ్ళ శరీరం ఒత్తిడిని చూపించింది. అంటే బొమ్మే కదా అని జాగ్రత్తలు సడలించకూడదు. ఆ పైన రోజంతా సాగే బృంద ప్రయోగాలు, రాత్రి కూడా అక్కడే ఉంచేవి.

ఒక మెట్టు ఎక్కాలంటే కింది మెట్టుతో ఈ ప్రశ్నకు జవాబు ఎందుకు రాదో రెండు మూడు వాక్యాల్లో రాయగలగాలి. రాయలేకపోతే ఎక్కకండి. విద్యార్థి ప్రాజెక్టులు మూడో మెట్టు దాటనవసరం లేదని మా గట్టి అభిప్రాయం.

గణాంకాల కోణం నుంచి కూడా పై మెట్లు ఖరీదైనవి. 1971 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నేలమాళిగలో మనస్తత్వవేత్త ఫిలిప్ జింబార్డో నడిపిన జైలు ప్రయోగానికి, కొందరిని గార్డులుగా, కొందరిని ఖైదీలుగా పెట్టడానికి, 24 మందిని ఎంచుకున్నారు. కానీ అక్కడున్నది ఒకటే జైలు. ఒకే గదిలో ఒకరినొకరు చూసి నడుచుకునే మనుషులు విడివిడి నమూనాలు కారు. లెక్కలో అది ఒక్కటే పరిశీలన. అంత కష్టం పెట్టి ఏ నిర్ధారణకూ రాలేని ప్రయోగం అప్పుడే అనైతికం, ఎవరికీ దెబ్బ తగలకపోయినా సరే. బృందాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఎన్ని బృందాలు కావాలో ముందే లెక్కించండి. అన్ని నడిపే స్థోమత లేదంటే డిజైను మార్చండి.

ప్రకటనలో మాట, ఎంపికలో వడపోత

‘జైలు జీవితంపై అధ్యయనం’ అని ప్రకటన వేస్తే ఎవరొస్తారు? 2007లో కార్నహాన్, మెక్‌ఫార్లాండ్ ఇదే పరీక్షించారు. ఒక ప్రకటనలో ‘జైలు జీవితం’ అన్న మాట ఉంచారు, ఇంకోదాంట్లో తీసేశారు. ఆ మాట చూసి వచ్చినవాళ్ళలో దూకుడు, పెత్తనం చేసే ధోరణి ఎక్కువగా, సానుభూతి తక్కువగా కనిపించాయి. కాబట్టి ప్రకటనలో పాత్ర పేరు వేయకండి. ‘బృందాలు నిర్ణయాలు ఎలా తీసుకుంటాయి’ లాంటి నిజమైన, నాటకీయత లేని వాక్యం చాలు. ఒత్తిడి కలగొచ్చన్న సంగతిని మాత్రం సమ్మతి పత్రం దాకా దాచొద్దు. ప్రకటనలోనే ఒక ముక్క ఉండాలి.

వడపోత రెండంచెల్లో చేయండి. మొదటిది ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో: వయసు, ప్రస్తుత మానసిక చికిత్స, గుండె జబ్బు, ఇటీవలి ఆప్తుల మరణం, హింసకు గురైన అనుభవం. రెండోది ముఖాముఖి, క్లినికల్ సైకాలజిస్టుతో. జెర్రీ బర్గర్ 2009లో మిల్‌గ్రామ్ ప్రయోగాన్ని పరిమితంగా తిరిగి చేసినప్పుడు ఈ రెండో దశలోనే మూడో వంతుకు పైగా జనాన్ని పక్కన పెట్టారు. అంతమందిని వదులుకోవడం బాధగానే ఉంటుంది, కానీ మీ బడ్జెట్ ఆ లెక్క మీదే వేసుకోవాలి. పక్కన పెట్టినవారికి కారణం వివరించొద్దు. ‘ఈ అధ్యయనానికి కావలసిన కలయిక వేరు’ అని చెప్పి, వచ్చినందుకు ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చి పంపండి.

కుంగుబాటును కొలిచే పి.హెచ్.క్యు.-9 లాంటి ప్రశ్నావళి వాడితే 10, ఆపై స్కోరు వచ్చినవారిని ఒత్తిడి ఉండే ప్రయోగంలోకి తీసుకోకండి. చాలామంది జారిపడేది ఇక్కడ: అందులో తొమ్మిదో ప్రశ్న ఆత్మహత్య ఆలోచనల గురించి. ఆ జవాబులు వారం తర్వాత ఎక్సెల్‌లో చూస్తామంటే కుదరదు. ప్రశ్న అడిగారంటే ఆ రోజే, ఆ మనిషి వెళ్ళేలోపే, జవాబు చదివి మాట్లాడే అర్హత ఉన్నవాళ్ళు అక్కడ ఉండాలి. లేదంటే ఆ ప్రశ్న అడగకండి.

సొంత క్లాసు విద్యార్థుల్ని తీసుకోవద్దు. తప్పనిసరైతే పిలిచేది ఇంకొకరై ఉండాలి, ఎవరు వచ్చారో మార్కులు వేసేవరకు మీకు తెలియకూడదు, రానివారికి అంతే సమయం పట్టే వేరే పని ఉండాలి. అధికారాన్ని చదివే ప్రయోగానికి మనుషుల్ని అధికారంతోనే పోగు చేస్తే ఇంకేం చెప్పాలి?

సమ్మతి పత్రంలో ఉండాల్సిన వాక్యం

స్టాన్‌ఫర్డ్ సమ్మతి పత్రం ఈ విషయంలో చదవదగిన పాఠం. పూర్తి కాలం ఉంటారని ఆశిస్తున్నామనీ, వైద్య సలహాదారులు సరేనన్న ఆరోగ్య కారణాలకో, డాక్టర్ జింబార్డోకు సబబుగా తోచిన ఇతర కారణాలకో మాత్రమే వదులుతామనీ అందులో రాశారు. అంటే బయటికి దారి ప్రధాన పరిశోధకుడి ఇష్టం మీదుగా పోతుంది. పైగా ఇంటికొచ్చి పోలీసులు అరెస్టు చేస్తారన్న సంగతి వాళ్ళకు ముందుగా చెప్పలేదు.

మీ పత్రంలో ఇలా ఉండాలి: ‘నేను ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, ఎవరి అనుమతీ అడగకుండా వెళ్ళిపోవచ్చు. వెళ్ళినా నాకు రావలసిన మొత్తం డబ్బు వస్తుంది.’ రెండో వాక్యం మొదటిదానంత ముఖ్యం. రోజుకింత అని ఇస్తే ప్రతి గంటా ఒక గొళ్ళెం అవుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో రోజుకు 15 డాలర్లు ఇచ్చారు. నాలుగో రోజున ‘పెరోల్ బోర్డు’ (ఖైదీని ముందుగా విడుదల చేయాలా అని తేల్చే బృందం) ముందు కూర్చోబెట్టి, ఇప్పటిదాకా సంపాదించింది వదులుకుంటే బయటికి వెళ్తారా అని అడిగితే చాలామంది సరేనన్నారు. అయినా లేచి వెళ్ళిపోకుండా తిరిగి గదుల్లోకి నడిచారు. అనుమతి అడిగే అలవాటు నాలుగు రోజుల్లోనే అంతగా పాతుకుపోయింది. బర్గర్ 50 డాలర్లు ముందే ఇచ్చేసి, మధ్యలో మానేసినా అవి మీవేనని మూడుసార్లు, మాటతోనూ రాతతోనూ చెప్పారు.

సంతకం పెట్టారు కాబట్టి అర్థమైందనుకోవద్దు. నాలుగు ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టండి. ‘మీరు వెళ్ళాలనుకుంటే ఏం చేస్తారు?’, ‘వెళ్తే ఎంత డబ్బు వస్తుంది?’, ‘మిమ్మల్ని ఎవరు ఆపగలరు?’, ‘వీడియో ఎవరు చూస్తారు?’. ఒక్కటి తప్పినా మళ్ళీ వివరించి మళ్ళీ అడగండి. రెండోసారీ తప్పితే ఆ మనిషిని తీసుకోవద్దు. ఆ తర్వాత ఆపే మాటను బయటికి పలికించండి: ‘నేను ప్రయోగం మానేస్తున్నాను’. ఒకసారి నోటితో అన్న మాట రెండోసారి సులువుగా వస్తుంది.

అబద్ధం చెప్పడం గురించి క్లుప్తంగా. కొంత సమాచారం దాచడం ఈ రంగంలో తప్పదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి ప్రకారం, అబద్ధం లేకుండా చేసే మార్గం లేనప్పుడు, ఫలితానికి నిజంగా విలువ ఉన్నప్పుడే దాన్ని వాడాలి. శారీరక నొప్పి, తీవ్ర మానసిక వేదన కలుగుతుందని ఊహించదగిన ప్రయోగంలో ఆ సంగతి దాచకూడదు. పరికల్పనను (మీరు పరీక్షిస్తున్న ఊహను) దాచొచ్చు, ప్రమాదాన్ని దాచకూడదని గుర్తుపెట్టుకుంటే చాలు.

పాత్రను అప్పగించడం

గార్డులకు పరిశోధకుడు ఏం చెప్పాడన్నదే చివరికి ఫలితమైపోతుంది. స్టాన్‌ఫర్డ్ ప్రయోగంలో గార్డులు తమంతట తామే క్రూరంగా మారారని చాలాకాలం చెప్పుకున్నారు. రికార్డింగులు వేరే మాట చెబుతున్నాయి. ఖైదీల్లో విసుగు, భయం, తమ బతుకు తమ చేతుల్లో లేదన్న భావన కలిగించవచ్చని జింబార్డో గార్డులకు ముందే వివరించాడు. మెత్తగా ఉన్న ఒక గార్డును వార్డెన్ పాత్రలో ఉన్న విద్యార్థి పిలిచి ఇంకాస్త ‘కఠినంగా’ ఉండమన్నాడు. ఇది నైతికతను, శాస్త్రాన్ని ఒకే దెబ్బకు పాడుచేసింది. పాత్ర మనిషిని మార్చిందా, పరిశోధకుడి మాట మార్చిందా అన్నది ఇప్పుడు విడదీయలేం.

అందుకని సూచనలన్నీ ఒకే కాగితం మీద, 150 పదాల్లోపు రాసి, ప్రతి బృందానికీ అక్షరం మారకుండా చదవండి. ఎవరైనా ‘ఇంకా గట్టిగా ఉండాలా?’ అని అడిగితే జవాబు ఒకటే: ‘కాగితంలో ఉన్నది మాత్రమే’. సెషన్ మధ్యలో ప్రోత్సాహం, చిరునవ్వు, తల ఊపడం కూడా ఉండకూడదు. అది అసాధ్యమైతే పరిశోధకుడు గదిలోంచి బయటికి రావాలి.

పాత్రధారి అధికారానికి హద్దు గీయండి. పాయింట్లు, పని క్రమం, ఎవరు ముందు మాట్లాడాలి లాంటివి ఇవ్వొచ్చు. తిండి, నీళ్ళు, నిద్ర, మరుగుదొడ్డి, బట్టలు, ఫోను, బయటి తలుపు ఎప్పుడూ ఇవ్వకూడదు. మనిషి పేరుకు బదులు నంబరు పెట్టడం, కళ్ళు కనిపించని అద్దాలు పెట్టించడం కూడా వద్దు. స్టాన్‌ఫర్డ్‌లో ఈ రెండూ వాడారు. ముఖం, పేరు దాచితే దూకుడు పెరగొచ్చు, అప్పుడు మీరు కొలుస్తున్నది పాత్రనా, వేషాన్నా అనేది తెలియదు.

పై స్థానం దొరికినవారి గురించి కూడా ఆలోచించండి. తక్కువ స్థానంలో ఉన్నవారి మీదే అందరి దృష్టీ ఉంటుంది. కానీ ఇంటికెళ్ళాక ‘నేను అలాంటివాడినా?’ అని నిద్రపట్టనిది చాలాసార్లు రెండోవారికి. మిల్‌గ్రామ్ ప్రయోగంలో బాధపడ్డది కరెంటు షాకు తిన్నట్టు నటించినవాడు కాదు, స్విచ్చి నొక్కినవాళ్ళు.

ఆపేది ఎవరు, ఎప్పుడు

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికి కేటాయించండి. స్టాన్‌ఫర్డ్ ప్రయోగం రెండు వారాలు అనుకుని ఆరో రోజుకు ఆగింది. ఆపించింది ముందే రాసుకున్న నియమం కాదు. చూడటానికి వచ్చిన క్రిస్టినా మాస్లాక్ అనే యువ మనస్తత్వవేత్త, జింబార్డోకు దగ్గరి మనిషి, ఇది తప్పని గట్టిగా నిలదీసింది. ఆమె ఆ రోజు రాకపోయి ఉంటే? ఆపాల్సిన జింబార్డో స్వయంగా జైలు సూపరింటెండెంటు పాత్రలో ఉన్నాడు, కంచే చేను మేసినట్టు. ఒక ఖైదీ మొదటి 36 గంటల్లోనే కుప్పకూలినప్పుడు కూడా ముందు తట్టిన ఆలోచన, అతన్ని వేగుగా వాడుకుందామా అని.

అలెక్స్ హాస్లమ్, స్టీఫెన్ రీచర్ 2001 డిసెంబరులో బీబీసీతో కలిసి 15 మందితో చేసిన జైలు అధ్యయనం ఏర్పాట్లు దీనికి పూర్తిగా భిన్నం. పరిశోధకులు ఏ పాత్రా తీసుకోలేదు. క్లినికల్ సైకాలజిస్టులు గమనిస్తూ ఉన్నారు. ప్రయోగాన్ని ఆపే అధికారం ఉన్న స్వతంత్ర నైతిక కమిటీ ఉంది. పది రోజులు అనుకున్నది, ఒక గుంపు నిరంకుశ పాలన పెట్టే దిశగా వెళ్తోందని తేలగానే ఎనిమిదో రోజున ఆపేశారు. ఇంకా విశేషం, అక్కడి గార్డులు పెత్తనానికి దిగడానికే తటపటాయించారు.

గంట, రెండు గంటల ప్రయోగానికైనా ఇవి ఉండాలి:

ఆపే అధికారం ఉన్న వ్యక్తి ఒకరు. ఆ మనిషికి పరికల్పన తెలియకూడదు, ఫలితంతో లాభం ఉండకూడదు, మీ కింద పనిచేసేవారు కాకూడదు. మీ పరిశోధక విద్యార్థిని పెడితే ఆ బటన్ ఎప్పటికీ నొక్కబడదు.

అంకెలతో రాసిన గీతలు. ప్రతి 10 నిమిషాలకు 0 నుంచి 10 వరకు ‘ఇప్పుడు ఎంత ఇబ్బందిగా ఉంది?’ అని ఒక్కొక్కరినీ విడిగా, చీటీ మీదో ట్యాబ్ మీదో అడగండి. 6 వస్తే ఆ మనిషిని పక్కకు పిలిచి మాట్లాడాలి. 8 వస్తే వాళ్ళకు ప్రయోగం అయిపోయినట్టే. ఇద్దరికి 6 వస్తే మొత్తం బృందానికి విరామం. ఈ అంకెలు మా సూచన మాత్రమే, మీ పైలట్‌లో (అసలుదానికి ముందు చేసే చిన్న ప్రయోగంలో) సరిచూసుకుని మార్చుకోండి, కానీ ప్రయోగం మొదలయ్యాక మార్చకండి. మొహం మీద అడిగితే అందరూ ‘బాగానే ఉంది’ అంటారు కాబట్టే చీటీ.

అంకెలతో పని లేని గీతలు. ఏడుపు, వణుకు, ఆగని నవ్వు, తిట్టు, తాకడం, తలుపు వైపు చూస్తూ మాట్లాడకపోవడం. నవ్వును తేలిగ్గా తీసుకోకండి. మిల్‌గ్రామ్ మొదటి నివేదికలోని 40 మందిలో 14 మంది అదోలా నవ్వారు, అది వినోదం కాదు.

‘వద్దు’ ఒక్కసారి చాలు. మిల్‌గ్రామ్ దగ్గర మానేస్తానన్నవారికి వరుసగా నాలుగు ఒత్తిడి వాక్యాలు సిద్ధంగా ఉండేవి, చివరిది ‘మీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే’. మానుకోవడానికి మనిషి అన్నిటినీ దాటాలి. మీ స్క్రిప్టులో ‘దయచేసి కొనసాగించండి’ కూడా ఉండకూడదు. ‘వెళ్ళాలనిపిస్తోంది’, ‘ఇది ఎంతసేపు?’ లాంటి డొంకతిరుగుడు మాటల్ని కూడా మానేస్తున్నట్టే తీసుకుని అడగాలి.

బర్గర్ ఎంచుకున్న ఇంకో మార్గం తెలివైనది. మిల్‌గ్రామ్ ప్రయోగంలో 150 వోల్టులు దాటినవాళ్ళలో 79 శాతం 450 దాకా వెళ్ళారు. అందుకని ఆయన 150 దగ్గరే ఆపేసి, ఎవరు కొనసాగించబోయారో చూశారు. మనిషిని చివరిదాకా లాగకుండానే తేడా తెలిసే మలుపు మీ ప్రయోగంలో ఎక్కడుందో వెతకండి. చాలా డిజైన్లలో అది మొదటి పావుగంటలోనే ఉంటుంది.

తర్వాతి గంట

డిబ్రీఫింగ్, అంటే ప్రయోగం అయ్యాక అసలు సంగతి విప్పి చెప్పడం, కాగితం చేతికిచ్చి పంపడం కాదు. సెషన్ గంటైతే దీనికి 30 నిమిషాలు పెట్టుకోండి, ముందు ఒక్కొక్కరితో విడిగా, ఆ తర్వాతే అందరితో కలిపి. ముందే అందరినీ కలిపితే కింది స్థానంలో ఉన్నవాళ్ళు పై స్థానంలో ఉన్నవాళ్ళ ముందు నోరు విప్పరు, పాత్ర ఇంకా దిగలేదు.

నిజం చెప్పినంత మాత్రాన నమ్మకం చెరిగిపోదు. 1975లో రాస్, లెపర్, హబ్బర్డ్ ఒక పరీక్షలో కొందరికి బాగా చేశారని, కొందరికి పేలవంగా చేశారని అబద్ధపు స్కోర్లు ఇచ్చి, తర్వాత అవి కల్పితమని చెప్పారు. అయినా ఆ స్కోరు తమ సామర్థ్యం గురించిన నమ్మకంలో మిగిలిపోయింది. అబద్ధం తేలిన తర్వాత కూడా మనసు పాత అభిప్రాయాన్ని ఎలా పట్టుకుంటుందో వివరించి చెప్పినప్పుడు అది బాగా తగ్గింది. కాబట్టి ‘పాత్ర చీటీ తీసి ఇచ్చాం’ అని ఆపకండి. చీటీలు చూపించండి. తర్వాత ఇలా అనండి: ‘ఇది తెలిసినా, రేపు మీకు మీరే అలాంటివారని అనిపించవచ్చు. అలా అనిపించడం మామూలే, దానికి కారణం ఇదీ.’ ఇంతకుముందు ఇదే స్థానంలో ఉన్నవాళ్ళు ఎలా ప్రవర్తించారో పేర్లు లేకుండా చెప్పండి. తానొక్కడే కాదని తెలిస్తే మనిషి తేలికపడతాడు.

ఆలస్యం చేయొద్దు. మిగతావారికి సంగతి తెలిసిపోతుందన్న భయంతో మిల్‌గ్రామ్ తన పాల్గొన్నవాళ్ళలో చాలామందికి అక్కడికక్కడ పూర్తి నిజం చెప్పలేదు. ఎవరికీ నిజంగా షాకు తగల్లేదన్న సంగతి కొందరికి నెలల తర్వాత ఉత్తరంలో తెలిసింది. బర్గర్ మాత్రం ఆపిన కొద్ది సెకన్లలోనే చెప్పేశారు. రహస్యం కాపాడమని మీరు కోరవచ్చు, అది కోరిక మాత్రమే.

నిజం తెలిశాక ‘మీ డేటా ఉంచమంటారా, తీసేయమంటారా?’ అని మళ్ళీ అడగండి, తీసేయమంటే వాళ్ళ ముందే తొలగించండి. మరునాడు, వారానికి, నెలకు ఫోను చేసి అదే 0–10 ప్రశ్నతో పాటు నిద్ర గురించి అడగండి. మూడింటికీ తేదీలు ముందే రాసుకోకపోతే నెల ఫోను ఎవరూ చేయరు. మొదటి బృందానికి ఈ ఫోన్లు పూర్తయి, ఫలితం ఆపే అధికారి చూసేదాకా రెండో బృందాన్ని పిలవకండి.

కమిటీ అనుమతి

ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి, కానీ అది రక్షణ కవచం కాదు. స్టాన్‌ఫర్డ్ ప్రయోగానికీ యూనివర్సిటీ కమిటీ అనుమతి ఉంది. 1973లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పరిశీలించి, అప్పటి నియమాలను పాటించారనే తేల్చింది. దరఖాస్తుతో పాటు పాత్రల కాగితం, ఆపే గీతలు, డిబ్రీఫింగ్ స్క్రిప్టు పూర్తి పాఠం జతచేయండి. సారాంశం చూసి ఇచ్చిన అనుమతి సారాంశానికే వర్తిస్తుంది. పైలట్‌లో మీ సహోద్యోగులే కింది పాత్రలో కూర్చోవాలి, మీరు కూడా.

వీడియోకు ప్రత్యేక సమ్మతి డిబ్రీఫింగ్ అయ్యాక తీసుకోండి, ముందు కాదు. తాము ఏం చేస్తామో ముందు వాళ్ళకే తెలియదు కదా. విశ్లేషణకు, తరగతిలో చూపడానికి, బయట ప్రచురించడానికి మూడు వేర్వేరు పెట్టెలు ఉంచండి. ఒకదానికి సరే అన్నది మిగతావాటికి వర్తించదు. ఫైలు తొలగించే తేదీని, ఆ రోజు తొలగించే మనిషి పేరును ఆ కాగితం మీదే రాసి ఒక ప్రతి పాల్గొన్నవారికి ఇవ్వండి.